చీలమండ పైన పిక్క చర్మం

సరిహద్దు కొండల్లోని మా సైనిక పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నమైంది. ఎడమవైపు నిలువు కొండ, కుడివైపు లోయ. మంచు మోకాళ్ల దాకా ఉంది. బంకర్లో నలుగురం, ఒక కిరసనాయిలు పొయ్యి.

మా రేడియో ఆపరేటర్‌ది ఎల్బీ నగర్. నాది దిల్‌సుఖ్‌నగర్ అనగానే హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టాడు.

"మా తాత జొన్న ఏసిన చేన్ల గిప్పుడు మెట్రో స్టేషన్ ఉన్నదన్నా!"

ఆ చలికాలమంతా మేం ఊరి కబుర్లతోనే వెచ్చబడ్డాం. ట్రాఫిక్‌ని కూడా ముద్దుగా తలుచుకునేవాళ్లం.

ఒక ఉదయం కిరసనాయిలు డబ్బా మోసుకొస్తుంటే పైనుంచి బండరాయి జారింది. నా కుడికాలు దాని కింద పడింది. ఎముక విరగలేదు గానీ చీలమండ పైన చర్మం, కండ నలిగిపోయాయి. మబ్బు పట్టి ఉంది, ఈరోజు హెలికాప్టర్ రాదని రేడియోలో జవాబొచ్చింది.

"పండుకోకన్నా. మాట్లాడుతనే ఉండు," అన్నాడు ఆపరేటర్. రాత్రంతా నాచేత దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఒక్కో సందు పేరూ చెప్పించాడు.

మర్నాడు మబ్బు విడిచాక హెలికాప్టర్ వచ్చింది. సైనిక ఆసుపత్రిలో చచ్చిన కండంతా తీసేశారు. తెల్లగా ఎముక కనబడింది. సర్జన్ ఒక మేజర్, మాట సూటిగా ఉండే ఆవిడ.

"ఎముక మీద ఉత్త చర్మం అతికిస్తే నిలవదు. పిక్క చర్మాన్ని కొవ్వుతో సహా లేపి, రక్తనాళం తెగకుండా కిందికి తిప్పి కప్పుతాను. అది బతికితే కాలు ఉంటుంది."

"బతక్కపోతే, మేడమ్?"

"అప్పుడు మాట్లాడదాం."

ఆపరేషన్ మర్నాడు ఆ చర్మం నేరేడు పండు రంగుకు తిరిగింది. నర్సు పిలవగానే మేజర్ పరుగున వచ్చారు. రక్తం లోపలికి వెళ్తోంది గానీ తిరిగి రావడం లేదన్నారు. కుట్లు కొన్ని విప్పి, కాలు ఎత్తుగా పెట్టించారు. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. చూసే ధైర్యం లేదు. సాయంత్రానికి నర్సే నా భుజం తట్టింది. అంచు నల్లబడింది గానీ మిగతాదంతా గులాబీ రంగులో ఉంది. మేజర్ మొదటిసారి నవ్వారు.

సెలవు మీద కిందికి దిగిన ఆపరేటర్ ఫోన్ చేశాడు.

"ఏమన్నా, కాలు ఉన్నదా?"

"ఉందిరా."

అవతల ముక్కు చీదిన చప్పుడు.

చేతికర్రతో దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగాను. కింద నిలబడ్డ మా ఆవిడ నా సంచి అందుకుని ఇంటికి తీసుకెళ్లింది. ఇంట్లో మేజోడు తీసి చూసింది. పిక్క మీది వెంట్రుకలు చీలమండ పైన మొలుస్తున్నాయి. అరచెయ్యి ఆనించి, "వెచ్చగా ఉందండీ," అంది.

ఇప్పుడు రోజూ నడుస్తాను. కానీ కళ్లు మూస్తే ఒకటే కనబడుతుంది. నన్ను స్ట్రెచర్‌కు కట్టి హెలికాప్టర్ దగ్గరికి మోస్తున్నారు. నా గాయపడ్డ కాలికి బూటు లేదు. ఆపరేటర్ తన ఉన్ని గ్లౌజు తీసి నా కాలివేళ్లకు తొడిగాడు. గ్లౌజు ఖాళీ వేళ్లు గాలికి ఊగుతున్నాయి. వాడు వట్టి చేతిని చంకలో దాచుకుని, మంచులో అలాగే నిలబడి ఉన్నాడు.