జిగురు నీళ్లకు చెప్పని నామం

కరోనా తగ్గిన రెండో ఏడాది, ఆషాఢం మొదటి వారంలో నన్ను మళ్లీ యానిమల్ హౌస్‌కు వేశారు. హన్మకొండలో ఒక ఫార్మసీ కాలేజీలో అప్పటికి నేను సీనియర్ ల్యాబ్ అసిస్టెంటును. రిటైర్మెంటుకు రెండేళ్లుంది. యానిమల్ హౌస్ అంటే ప్రయోగాలకు వాడే ఎలుకలను పెంచే విభాగం. కాలేజీ వెనకవైపు రెండు గదులు. అక్కడ పన్నెండు గంటలు వెలుతురు, పన్నెండు గంటలు చీకటి. చల్లదనం ఏడాది పొడుగునా ఒకటే. పంజరాల్లో పరిచే వరిపొట్టు మార్చడం నుంచి మందులు తాగించడం దాకా నా పని.

నేను బడికి పోయిన మనిషిని కాదు. కాశిబుగ్గలో మా నాన్నకు కిరాణా దుకాణం ఉండేది. గల్లా పక్కన కూర్చోబెట్టుకుని చదువంతా ఆయనే చెప్పాడు. పదో తరగతి పరీక్ష ప్రైవేటుగా రాశాను. అటెండరుగా చేరి ఈ హోదా దాకా వచ్చానంటే ఆయన పెట్టిన భిక్షే, ఆ పైన దేవుడి దయ. ఆయన నేర్పినవాటిలో ఒకటి ఇక్కడ చెప్పాలి. ఎవరికి మందు ఇచ్చినా, ఇచ్చే ముందు ధన్వంతరి నామం పదకొండుసార్లు మనసులో అనుకోవాలి. మా ఇంట్లో జ్వరం గోలీ అయినా అలాగే ఇచ్చేవాళ్లం.

ఆ ఏడాది పని రజితది. ఆమె పీహెచ్‌డీ స్కాలర్. ఆటిజం ఉన్న పిల్లల్లో కనిపించే కొన్ని లక్షణాలకు సరస్వతి ఆకు సారం పనిచేస్తుందేమో ఎలుకల్లో చూడాలని ఆమె ప్రయోగం. ఎలుకకు ఆటిజం రాదు. అయితే గర్భంతో ఉన్న ఎలుకకు ఫలానా రోజున వాల్ప్రోయేట్ అనే మూర్ఛ మందు ఒక ఇంజెక్షన్ ఇస్తే, పుట్టిన పిల్లలు తోటివాటిని కలవవు. చేసిన పనే మళ్లీ మళ్లీ చేస్తాయి. దాన్ని 'మోడల్' అంటారు. అలా పుట్టినవాటిలో కొన్నింటికి ఆకు సారం, కొన్నింటికి ఒట్టి జిగురు నీళ్లు తాగిస్తారు. సారాన్ని కలిపేది ఆ నీళ్లలోనే కాబట్టి, తేడా వస్తే అది ఆకుదే అని తేలుతుంది. ఎలుక పిల్లలను చంపి మెదడు కూడా పరీక్షిస్తారు కాబట్టి నైతిక సంఘం అనుమతి లేనిదే ఒక్క పంజరం కదలదు. చంపడం అన్న మాట మా రికార్డుల్లో ఉండదు. 'సాక్రిఫైస్' అని రాస్తాం. ముప్పై ఏళ్లు ఆ మాట రాశాను. ఒక్కసారీ తేలిగ్గా రాయలేదు.

తాగించేది నేనే. చివర గుండు ఉన్న వంకర సూదిని నోట్లోంచి కడుపు దాకా దించి సిరంజి నొక్కాలి. సీసాల మీద పేర్లు ఉండవు, అంకెలు మాత్రమే ఉంటాయి. ఏది మందో ఏది నీళ్లో తాగించేవాళ్లకు తెలియకూడదని నియమం. కానీ మూత తీయగానే సరస్వతి ఆకు వాసన దాగుతుందా? నాకు మొదటి రోజే తెలిసిపోయింది. తెలిసిందని రజితకు చెప్పాల్సింది. చెప్పలేదు. అది చెప్పుకోవలసిన సంగతి అని నాకు తోచలేదు.

దీపావళికి ముందు పరీక్షలు జరిగాయి. మూడు అరల పెట్టె ఒకటి ఉంటుంది. నడిమి అరలో ఎలుకను వదులుతాం. ఒక పక్క అరలో ఇంకో ఎలుక, మరో పక్క ఖాళీ పంజరం. మందు తాగినవి తోటి ఎలుక దగ్గరికి పోయి కూర్చున్నాయి. నీళ్లు తాగినవి మూలకు నక్కాయి. పొట్టులో గాజు గోలీలు పెడితే నీళ్లవి అదేపనిగా పూడ్చిపెట్టాయి, మందువి ఊరుకున్నాయి. రజిత కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను దేవుడికి కొబ్బరికాయ కొట్టాను.

ఆ సంబరంలోనే స్వరూపకు చెప్పాను. స్వరూప మా ఆడపడుచు కూతురు. కొత్తవాడలో భార్యాభర్తలిద్దరూ జంపఖానాలు నేస్తారు. వాళ్ల అక్షయకు అప్పుడు ఐదేళ్లు. మాట లేదు, పిలిస్తే చూడదు. మగ్గం మీద రంగు దారాలను ఒకే వరసలో పేర్చి, ఎవరైనా కదిపితే తల నేలకు కొట్టుకునేది. వారానికి మూడు రోజులు హన్మకొండలో మాటల శిక్షణకు తీసుకుపోయేది స్వరూప. పోయిన రోజు సగం నేత ఆగేది. ఏడాది పోతే, దాహమైనప్పుడు అక్షయ గ్లాసు తెచ్చి తల్లి చేతిలో పెట్టడం నేర్చింది. అంతే, కానీ ఆ గ్లాసు సంగతి స్వరూప వాడకట్టంతా చెప్పుకుంది.

ఇది ఎలుకల్లో చూసిందే, మనుషులకు ఇవ్వొద్దు అని నేను అన్నాను. అన్న మాట నిజమే. కానీ నా మొహం ఇంకోలా చెప్పి ఉంటుంది. స్వరూప నా ముఖమే నమ్మింది. నర్సంపేట వైపు వరి పొలాల గట్ల నుంచి ఆకు తెప్పించుకుని పొద్దునా సాయంత్రం పసరు పోసింది. శిక్షణ మాన్పించింది. ఆ మాన్పించిన సంగతి నాకు తర్వాత తెలిసింది. తెలిశాక కూడా గట్టిగా అడ్డుపడలేదు.

ఒకసారి వచ్చిన ఫలితం ఫలితం కాదు. ఇంకో బ్యాచ్‌తో మళ్లీ రావాలి. రెండో బ్యాచ్ మొదలయ్యేసరికి నాకు కంటి ఆపరేషన్ అయింది. తాగించే పని ఇంకో అసిస్టెంటు చేశాడు. మాఘంలో పరీక్షలు పెడితే మందుకూ నీళ్లకూ తేడా కనిపించలేదు. రెండూ మూలకే నక్కాయి.

రజిత అన్నం మానేసింది. ఆకు ముదిరిందేమో అంది, పొట్టు మారిందేమో అంది, దీపాల టైమరు విప్పి చూసింది. అన్నీ సరిగానే ఉన్నాయి. చివరికి నేను డ్యూటీకి రాగానే, మొదటిసారి ఎట్ల తాగించినవో అట్లనే ఒకసారి చేసి చూపించమంది. రెండు సీసాలూ ముందు పెట్టింది.

ముందు జిగురు నీళ్లది చూపించాను. పట్టుకోవడం, సూది, సిరంజి, పంజరంలో వదలడం. తర్వాత ఆకు సారం. ఎలుకను మెత్తటి బట్టలో తీసుకుని, రెండు అరచేతుల మధ్య ఛాతీకి దగ్గరగా పెట్టుకుని, బొటనవేలితో వీపు నిమురుతూ నామం అనుకున్నాను. పదకొండు అయ్యాక తాగించాను. తలెత్తి చూస్తే రజిత చేతిలో ఫోను, అందులో గడియారం నడుస్తోంది.

"నీళ్లు తాగేటివాటికి నామం చెప్పవా అమ్మా?" అంది.

"అది మందు కాదు గదమ్మా," అన్నాను.

అన్న తర్వాత నాకు అర్థమైంది. ఎలుక పిల్లను రోజూ కాసేపు మెత్తగా చేతుల్లో పట్టుకుంటే దాని బెరుకు తగ్గుతుంది. కొత్తగా చేరిన అటెండర్లకు ఆ మాట చెప్పేది నేనే. ఒక గుంపును రోజూ చేతుల్లో పొదువుకున్నాను. ఇంకో గుంపును వస్తువులాగా ఎత్తి దించాను. ఫలితం నా చేతులది. ఆకుది కాదు.

రజిత నన్ను తిట్టినా బాగుండేది. "జర సేపు కూసో అమ్మా, ఆపరేషనైన కన్ను," అని కుర్చీ జరిపింది. ఆ మంచితనానికి ఆమెకు నేనెప్పటికీ రుణపడి ఉంటాను.

మూడో బ్యాచ్‌కు మళ్లీ అనుమతి తెచ్చుకున్నాం. ఈసారి రెండు సీసాలకూ ఒకే వాసన వచ్చేలా చేసింది రజిత. ప్రతి ఎలుకా ఒకే మనిషి చేతిలో, గడియారం లెక్కన సమానమైన సేపు ఉంది. తేడా రాలేదు. మొదటి బ్యాచ్‌లో చనిపోయినవి నా తప్పుకు చనిపోయాయి. మూడో బ్యాచ్‌లోవి ఆ తప్పును రుజువు చేయడానికి చనిపోయాయి. రజిత జరిగింది జరిగినట్టే థీసిస్‌లో రాసి, పట్టా తీసుకుని, మందుల కంపెనీలో ఉద్యోగానికి వెళ్లిపోయింది.

నేను మాత్రం మూడో బ్యాచ్ అయ్యేదాకా కొత్తవాడకు పోలేదు. ఒకవేళ తేడా వస్తే ఏమీ చెప్పనక్కర లేదు కదా అన్న ఆశ. ఆ ఆశకు నేను దేవుడి పేరు పెట్టుకున్నాను. పోయేసరికి మళ్లీ ఆషాఢం వచ్చింది. స్వరూప మగ్గం గుంతలో కూర్చుని ఉంది. అక్షయ గోడ పక్కన దారాలు పేరుస్తోంది. గ్లాసు తెచ్చి ఇవ్వడం మానేసిందట. దాహమైతే ఏడుస్తోందట.

అంతా చెప్పాను. నామం సంగతి, చేతుల సంగతి కూడా. స్వరూప నేత ఆపకుండానే విన్నది. పట్టిన వరస పూర్తిచేసి చేయి ఆపింది.

"మరి నేను గూడ దీన్ని ఒళ్లె పండవెట్టుకొని, వీపు రాసుకుంటనే తాగిచ్చిన గదత్తా. ఎలుకలకన్న పనిజేసింది. దీనికెందుకు జెయ్యలే?"

శిక్షణ కేంద్రంలో అక్షయ చోటు వేరేవాళ్లకు పోయింది. పేరు మళ్లీ రాయించి, నాలుగు నెలలకు చోటు దొరికాక, గ్లాసు దగ్గర నుంచే మళ్లీ మొదలుపెట్టారు. పోయినసారి మల్లె తొందరగ పట్టుకుంటలేదని స్వరూప ఒకసారి చెప్పింది.

రిటైరయ్యే ముందు యానిమల్ హౌస్ గోడ మీది నియమాల్లో రెండు చేర్పించాను. మందు తాగించేవారికి సీసా సంగతి ఏ విధంగా తెలిసినా అదే రోజు రిజిస్టరులో రాయాలి. నీళ్లు తాగే ఎలుక కూడా మందు తాగే ఎలుక ఉన్నంతసేపూ చేతిలో ఉండాలి. మూడోది గోడ మీద రాసేది కాదు: రెండోసారి కూడా వచ్చేదాకా ఏ ఫలితాన్నీ, దాని కోసం కాచుకున్న ఇంటి గడప తొక్కి చెప్పకూడదు. నామం నేను మానలేదు. ఇప్పుడు ఎవరికైనా మంచినీళ్లు ఇచ్చేటప్పుడు కూడా అనుకుంటాను.