పన్ను కాగితంలో ప్రభువు పేరు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీలో చాలామంది నన్ను చేతిమిషను కరుణమ్మ అంటారు, చిన్నతనంలో వచ్చిన జ్వరానికి నా కుడికాలు చచ్చుబడిపోయింది కాబట్టి కాలితో తొక్కే మిషను నాకు పనికిరాదు, కుడిచేత్తో చక్రం తిప్పుతూ ఎడమచేత్తో గుడ్డ నడిపిస్తూ ఇన్నేళ్లుగా రవికలూ లంగాలూ, గరివిడి ఫ్యాక్టరీకి వెళ్లేవాళ్ల ఖాకీ చొక్కాలూ కుట్టుకుని బతుకుతున్నాను. ఆ మిషనే నా అన్నం. అది పోయే పరిస్థితి నా ఓర్వలేనితనం వల్లే వచ్చింది.

మా సంఘంలో సుందరమ్మగారని ఒకావిడ ఉన్నారు, రెండు కళ్లూ కనిపించవు, పేముతో కుర్చీలు అల్లుతారు. నాకంటే పదేళ్లు పెద్ద, కనుక అక్క వరసన అప్పా అని పిలిచేదాన్ని, కానీ ఆ పిలుపు పళ్లు కొరుకుతూ పిలిచిన పిలుపే. ఆదివారం వచ్చిందంటే అందరూ ఆవిడ చుట్టూ మూగేవారు, పాస్టరుగారు ప్రార్థనలో ముందు ఆవిడ పేరు చెప్పి నన్ను 'మిగిలిన రోగులు'లో కలిపేసేవారు. నాకు కాలు లేదు, ఆవిడకు కళ్లు లేవు, మరి దేవుడికి ఆవిడంటేనే ఎందుకంత ముద్దు అని నా కడుపు మండిపోయేది. ఆవిడ సాక్ష్యానికి లేస్తే చాలు, నాకు దగ్గు వచ్చేది. బయటికి పోయి గోడకు ఆనుకుని కూర్చుని, ఆవిడ ముగించాక లోపలికి వచ్చేదాన్ని.

ఒకనాడు కుర్చీలు అల్లించుకునే ఫ్యాక్టరీ ఆఫీసువాళ్లు, తమ మనుషులకు ఇల్లు గుర్తుండాలని, ఆవిడ ఇంట్లో లేని వేళ గుమ్మం పైన 'సుందరమ్మ, కుర్చీల అల్లకం' అని చిన్న రేకుబోర్డు కొట్టిపోయారు. చూపు లేని మనిషికి బోర్డేమిటని నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. పెయింటరును పిలిచి దానికి రెండింతల బోర్డు మీద 'కరుణమ్మ అండ్ కంపెనీ' అని రాయించాను. కంపెనీ అంటే ఏమిటో నాకు తెలియదు, విజయనగరం బజారులో పెద్దపెద్ద కొట్ల మీద ఆ మాట చూశాను, అంతే. మా అక్క వచ్చి, "కంపెనీ ఏటే, నువ్వొక్కదానివే కదేటి" అని నవ్వింది. నేను ముఖం నిండా భక్తి పులుముకుని, "నాకు పెబువే కంపెనీ" అన్నాను. పాపం, అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ మాట నాకే బాగా నచ్చి, అడిగినవారికీ అడగనివారికీ చెప్పి, చివరికి నేనే నమ్మేశాను.

తర్వాత పంచాయతీవారు వృత్తిపన్ను వేసే రోజులు వచ్చాయి. బిల్లు కలెక్టరు నా బోర్డు చూసి ఆగి, ఒక ఫారం ఇచ్చి నింపమన్నాడు. కంపెనీలో భాగస్వాములు ఎవరెవరు అని అందులో ఉంది. నేను నా పేరు రాసి, దాని కింద 'ప్రభువుగారు' అని రాశాను. కొద్దిరోజులకు నోటీసు వచ్చింది. ఇద్దరున్న కంపెనీకి వేసే పన్ను నాకు వేశారు, గడువులోగా కట్టకపోతే మిషను జప్తు చేస్తారట, రెండో భాగస్వామి ప్రభువుగారి చిరునామా కూడా తెలపాలట.

ఆ వారమే సుందరమ్మగారికి పన్ను మాఫీ అయిందని విన్నాను. సహోదరులారా, నేను మోకరించలేను కనుక మిషను మీద తల ఆన్చి చేసిన ప్రార్థనను దాచకుండా చెబుతున్నాను: "పెబువా, నాకూ తీసెయ్యి, తియ్యకపోతే ఆవిడికీ ఎయ్యి." ఇలాంటి ప్రార్థనను కూడా విన్న దేవుడు మన దేవుడు, ఆయన దయను ఏమని చెప్పను.

మర్నాడు సుందరమ్మగారే కర్ర తాటించుకుంటూ మా ఇంటికి వచ్చారు. "కరుణా, నోటీసొచ్చినాదట కదే. మరి శనివారం గుమస్తాగారి కాడికి రాలేదేటి? మన మందిరం అరుగు మీద కూకుని, మనలాటోలికి పన్ను కాయితాలు ఊరికే రాసిపెడతన్నారు. నాకూ ఆయనే రాసినారు. నాలుగు ఆదివారాలు సాచ్చెంలో సెప్పినానే, నీకు ఇనపడాలనే గట్టిగా సెప్పినాను" అన్నారు. ఆ నాలుగు ఆదివారాలూ నేను బయట దగ్గుతూ కూర్చున్నాను.

శనివారం ఇద్దరం కలిసి వెళ్లాం, ఆవిడ నా భుజం పట్టుకున్నారు, దారిలో గుంటలు నేను చెప్పాను. ఆ గుమస్తాగారు తాలూకా ఆఫీసులో పనిచేసి రిటైరైన పెద్దాయన, ఎవరి దగ్గరా కాణీ పుచ్చుకోరు. నోటీసు చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివి, "ఈ పెబువుగారెవులమ్మా? అర్జీలో అబద్ధం రాయకూడదు. కంపెనీ ఉన్నాదా, లేదా?" అన్నారు. ఆ భక్తి మాట నా నాలుక దాకా వచ్చింది. పక్కన సుందరమ్మగారు నా భుజం మీద చెయ్యి తీయకుండా కూర్చుని ఉన్నారు. నా నోరు ఎలా తిరిగిందో దేవుడికే తెలుసు, "కంపెనీ లేదండి. అప్ప బోర్డు సూసి ఓర్వలేక పెట్టినాను. పెబువు పేరు అడ్డం ఎట్టుకున్నాను" అన్నాను.

ఆవిడ నా వైపు తల తిప్పారు. తర్వాత మెల్లగా, "నాకు బోర్డున్నాదేటి?" అన్నారు. "నాకెవులూ సెప్పలేదే."

నేను ఏడ్చాను. అందులో ఏం రాశారని ఆవిడ అడిగితే, ఆ బోర్డు మీద ఏముందో అక్షరం వదలకుండా చెప్పాను. "ఓలమ్మా, బాగున్నాది" అని ఆవిడ సంతోషపడ్డారు, నన్ను ఒక్క మాట అనలేదు.

గుమస్తాగారు అర్జీలో 'కంపెనీ లేదు, అర్జీదారు ఒంటరి, కాలు చచ్చుబడినది, పేదరాలు, అసూయ చేత బోర్డు పెట్టినది' అని రాశారు. అసూయ మాట తీసేయమని బతిమాలాను. "ఉండనీ అమ్మా, నిజమే కదా" అన్నారాయన. పంచాయతీవారు పన్ను తీసేశారు, మిషను నాకు మిగిలింది.

అసూయ పూర్తిగా పోయిందని చెబితే మళ్లీ ప్రభువు పేరు అడ్డం పెట్టుకున్నదాన్నవుతాను. అది వస్తూనే ఉంటుంది, నేను దగ్గకుండా లోపలే కూర్చుంటున్నాను. ప్రియులారా, కాళ్లు లేనివారు, కళ్లు లేనివారు, చేతులు పడిపోయినవారు, మీకు పన్ను కాగితం వస్తే భయపడకండి, దేవుణ్ణి నమ్మి, ఉన్నదున్నట్టు చెప్పుకుని, శనివారం మధ్యాహ్నం మందిరం అరుగు దగ్గరికి రండి. ముందుగా వివరం కావాలంటే నన్ను అడగవచ్చు, సుందరమ్మగారినైనా అడగవచ్చు. చాలామంది ఆవిడ దగ్గరికే వెళతారు, నాకు తెలుసు. వెళ్లండి, ఆవిడ నాకంటే బాగా చెబుతారు. ఈ మాట నా చేత్తో రాయించిన దేవునికే మహిమ.