సన్న ల్యాప్‌టాప్ మీద ఇంటి శుభలేఖ

తొంభైల చివర్లో సిద్దిపేటలో నాకు పెళ్లి కార్డులు కంపోజ్ చేసే చిన్న దుకాణం ఉండేది. కార్డులో పేర్ల వరస తేల్చేది ఇంటి పెద్దలు. వాళ్లు దుకాణానికి రారు. ఇళ్లకు పట్టుకెళ్లడానికి పాత ల్యాప్‌టాప్ ఒకటి కొందామని హైదరాబాదు వెళ్లాను.

అమ్మేవాడు రెండు చూపించాడు. ఒకటి ఇటుకలా లావు, ఇంకొకటి సన్నం. ప్రాసెసర్ నంబరు మాత్రం రెండింటిదీ ఒకటే.

"సన్నదాంట్ల గాలాడదు భాయ్. వేడెక్కిందంటే అదే మెల్లగైతది. పనికైతే లావుదే తీస్కపో," అన్నాడు.

నా చెవికెక్కలేదు. నంబరు ఒకటైనప్పుడు పనీ ఒకటేనని వాదించాను. నిజానికి సన్నదాన్ని చంకలో పెట్టుకుని బజారులో నడవాలని నా సరదా. అంతకు మించి కారణమేమీ లేదు.

ఆ ఎండాకాలమే మా చెల్లె పెళ్లి. నాయిన పోయాక మమ్మల్ని సాకింది పెద్దనాయిన. ఆయనకు చదువు రాదు. కార్డు అడుగున, 'ఇట్లు' అన్న మాట కింద ఆయన పేరే ఉండాలని ఇంట్లో అందరం అనుకున్నాం. ల్యాప్‌టాప్ తీసుకుని ఆయనింటికి వెళ్లాను. శుభకార్యం రాత వట్టి నేల మీద చేయొద్దని గొంగడి మడిచి పరిచి, దాని మీద పెట్టించాడు. మిషన్ అడుగున గాలి పోయే సందులు మూసుకుపోయాయి. అది నాకు తట్టనే లేదు.

కాసేపటికి మిషన్ చేయి పెట్టలేనంత వేడెక్కి నత్తనడక పట్టింది. ఆఖరున పెద్దనాయిన పేరు కొడితే తెర మీదికి రాలేదు. మళ్లీ కొట్టాను. రెండూ ఒకేసారి వచ్చాయి. ఇదే నీ పేరని చూపించాను. ఆయన వేలితో తడిమి చూశాడు. రెండో దాన్ని తీసేద్దామని చెరిపే మీట నొక్కితే కదల్లేదు. విసుగుకొద్దీ ఎన్నిసార్లు నొక్కానో లెక్కలేదు. బ్యాటరీ అయిపోతోందని తెర వైపు చూడకుండానే సేవ్ చేసి మూత పెట్టేశాను. నొక్కినవన్నీ లోపల నిలబడి ఒక్కొక్కటే పనిచేసినట్టున్నాయి. రెండు పేర్లూ, వాటితో పాటు 'ఇట్లు' కూడా పోయాయి.

పరాయివాళ్ల కార్డయితే మూడుసార్లు ప్రూఫ్ చూసేవాణ్ణి. ఇంటిదే కదా, కళ్లారా చూశాం కదా అని ప్రెస్సుకు పంపాను.

పెద్దనాయిన ఊరూరా తిరిగి, బొట్టు పెట్టి ఆ కార్డులు పంచాడు. బెజ్జంకిలో ఒక బంధువు కార్డంతా చదివి, ఇందులో నీ పేరేదని అడిగాడట. ఆ సాయంత్రమే పెద్దనాయిన మా ఇంటికొచ్చి కూర్చున్నాడు. వేడి, గొంగడి, మీట, జరిగిందంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"మిషన్ సంగతి నాకెర్క లేదు బిడ్డా. గా దినం నాకు సూపెట్టినవ్ సూడు, గది నా పేరేనా?"

అవునన్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. కార్డులు మళ్లీ కొట్టిస్తానంటే వద్దన్నాడు. పెళ్లిలో కన్యాదానం ఆయనే చేశాడు. నా మాట నమ్మాడో లేదో ఆయన ఉన్నన్నాళ్లూ అడగలేకపోయాను.