పులిహోర ఎందుకు ఉడకలేదంటే

యూరప్ వెళ్ళొచ్చినవాళ్ళు ఇంటికొచ్చినవాళ్ళకు ఫొటోలు చూపిస్తారు. నా దగ్గర చూపించడానికి అట్ట వంకర తిరిగిన పాస్‌పోర్టు ఒకటుంది. 2014లో, పారిస్‌లో మా చివరి రోజున, ఎవరి సాయమూ లేకుండా నేనొక్కణ్ణే సాధించిన ఘనకార్యం అది. ఇది చదివాక మీ ఇంటాయన మీద మీకు గౌరవం పెరిగితే నా బాధ్యత లేదు.

ముందు ఒక సంగతి చెప్పాలి. నేను పనిచేసే అబూధాబీ వైపు రువైస్‌లో మా కంపెనీ ఉద్యోగుల పాస్‌పోర్టులన్నీ ఆఫీసు బీరువాలోనే ఉండేవి. వీసా పనులు చూసే మందూబ్ సెలవుకు ముందు చేతికిచ్చి, రాగానే వెనక్కి తీసుకునేవాడు. ఇండియా వెళ్తే మా అమ్మ లాక్కుని దాచేది. అంచేత పాస్‌పోర్టు దాచుకోవడమనే విద్య నాకు అబ్బలేదు. పారిస్‌లో అమ్మా లేదు, మందూబూ లేడు. మెట్రో ఎక్కితే చాలు, జేబుదొంగలున్నారు జాగ్రత్త అని మైకులో చెబుతూనే ఉండేవారు.

చివరి సాయంత్రం నాకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. మాతో వచ్చిన పక్కింటి మార్తక్క, భీమవరం మనిషి, రువైస్‌లో నర్సు, ఇంటి నుంచి రైస్ కుక్కర్ మోసుకొచ్చింది. అది ప్రయాణమంతా మా గదిలోనే ఉండేది. కుక్కర్‌లో గిన్నె పైకెత్తి, దాని కింద వేడెక్కే పళ్ళెం మీద రెండు పాస్‌పోర్టులూ పరిచి, గిన్నె మళ్ళీ పెట్టేశాను. ఏ ఫ్రెంచి దొంగ అన్నం కుక్కర్ వంక చూస్తాడు? మా ఆవిడ సుజాతకు చెప్పలేదు. చెబితే మార్తక్కకు తెలుస్తుంది, మార్తక్కకు తెలిస్తే రువైస్‌కు తెలుస్తుంది.

పొద్దున్నే నేను నదీతీరానికి ఆఖరి షికారు వెళ్ళొచ్చేసరికి బల్ల మీద పులిహోర ఉంది. అది ఎందులో ఉడికిందన్న ప్రశ్న నాకు రాలేదు. పెళ్ళైన నాటి నుంచి ఎప్పుడూ రాలేదు.

"ఇదేం పులిహోర సుజాతా? పలుకులు పలుకులుగా ఉంది. పళ్ళు ఊడేట్టున్నాయి."

"తింటే తినండి, లేకపోతే లేదు."

తిన్నాను. రెండోసారి వేయించుకుని మరీ వంకలు పెట్టాను.

కుక్కర్ మా చేతిసంచీలో ఉందన్న నిబ్బరంతో ఎయిర్‌పోర్టు చేరాను. మార్తక్క మా ముందు నిలబడింది. ఆవిడ సూట్‌కేసు బెల్టు మీద ఊగుతూ లోపలికి వెళ్ళిపోయింది. మా వంతు వచ్చింది. కౌంటర్ అమ్మాయి పాస్‌పోర్టులు అడిగింది.

"సుజాతా, కుక్కర్ ఇలా ఇవ్వు," అన్నాను దర్జాగా.

"ఇక్కడ వండుతారా ఏంటి? పొద్దున్నే మార్తక్కకి ఇచ్చేశానుగా."

"ఇచ్చేశావా?"

"ఎరువు తెచ్చుకున్న గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని, మిగిలిన పులిహోర కూడా అందులో పెట్టే ఇచ్చాను. అయినా ఆ కుక్కర్‌కి ఏం రోగమో! నొక్కిన ప్రతిసారీ కాసేపటికే టక్కున ఆరిపోయింది. కాలిన వాసన కూడానూ."

మా వీసాలు ఆ రోజుతో ఆఖరు. మర్నాడు ప్లాంటులో షట్‌డౌన్ పని మొదలు. ఒక్కరోజు ఆలస్యమైనా ఉద్యోగం ఖలాస్ అని మా మేనేజరు, ముదీర్, ముందే చెప్పాడు.

"అక్కా, నీ పెట్టె వెనక్కి రావాలి!"

"ఏవయింది తమ్ముడూ?"

"పాస్‌పోర్టులు కుక్కర్‌లో ఉన్నాయి."

"ఓరి ప్రభువా! పులిహోరలోనా?"

"పులిహోర కింద."

మార్తక్క నా నాడి పట్టుకుని చూసింది. వృత్తి ధర్మం. కౌంటర్ అమ్మాయి ఎవరెవరికో ఫోన్లు చేసింది. లైనంతా మా వైపే చూసింది. నేను నిజంగా ఏడుపు ఆపుకుంటున్నాను. చాలాసేపటికి పెట్టె తిరిగొచ్చింది. నేల మీదే విప్పాం. చీరలు, చాక్లెట్లు, వాటి మధ్య కుక్కర్. పులిహోర గిన్నె పైకెత్తితే మా ఇద్దరి పాస్‌పోర్టులూ కొత్తగా వేయించిన అప్పడాల్లా వంగి ఉన్నాయి. లోపలి కాగితాలు భద్రం. బియ్యానికి అందాల్సిన వేడంతా మా పౌరసత్వం తాగేసింది.

విమానం దొరికింది. అబూధాబీలో దిగాక అధికారి నా పాస్‌పోర్టు అటూ ఇటూ తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"బిర్యానీ?"

పులిహోరను బిర్యానీ అన్నవాణ్ణి మామూలుగా నేను వదలను. ఆ రోజు మాత్రం "ఐవా," అని తలూపాను. ముద్ర వేశాడు.

కారులో రువైస్ చేరాం. ఇంటి తలుపు తీస్తూ సుజాత అడిగింది.

"ఇంతకీ అన్నం ఎవరి వల్ల ఉడకలేదండీ?"

ఆ గుమ్మంలోనే, చేతిలో వంకర పాస్‌పోర్టు సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ప్రాణం ఉన్నంతవరకు నా పళ్ళెంలో పడ్డ అన్నానికి వంక పెట్టను. ఒకవేళ పెట్టాల్సివస్తే, ముందు వంటింట్లోకి వెళ్ళి, గిన్నె కింద నా సామాను ఏమీ లేదని చూసుకున్నాకే పెడతాను.