డిక్కీకి, అమ్మకు మధ్య ఒక రేకు

మా నాయన పాత కారులో పెట్రోలు టాంకు డిక్కీలో ఉంటుంది. దానికీ వెనక సీటుకూ మధ్య ఉన్నది రెగ్జిను తొడిగిన ఒక అట్ట. అంతే. ఆ కారు తయారైన కాలంలో జనానికి అట్ట మీద నమ్మకం ఎక్కువేమో. నేనూ చాలా కాలం ఆ సంగతి పట్టించుకోలేదు. వెనక సీట్లో సాధారణంగా కొబ్బరికాయలో, మామిడికాయల పెట్టెలో కూర్చునేవి.

అమ్మ మోకాళ్ళు మొండికేశాక లెక్క మారింది. చిత్తూరు నుంచి తిరుపతిలో డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే ఆమె వెనక సీట్లో అడ్డంగా కాళ్ళు చాపుకుని కూర్చోవాలి. ఎక్కించడానికి ఇద్దరం కావాలి. ఎక్కాక మధ్యలో దించడమనే మాటే లేదు. ఒకసారి ఇంటికి తిరిగొచ్చాక ఆమె చీర పెట్రోలు వాసన వేసింది. పాత బండి అన్నాక ఆ మాత్రం వాసన ఉంటుందిలే అన్నాడు నాయన. టాంకు మూతకు కొత్త వాషరు వేయించాను. వాసన పోయింది గానీ నా భయం పోలేదు. వెనక నుంచి ఏ లారీ అయినా కాస్త చనువు తీసుకుంటే, అమ్మకు అడ్డుగా ఉండేది ఆ అట్టే.

కారు అమ్మేద్దామన్నాను. ఇంట్లో అమ్మాల్సిన వస్తువు వేరే ఉందన్నట్టు నాయన నన్ను చూశాడు. అమ్మను బాడుగ కారులో తీసుకెళ్దామన్నాను. అమ్మే ఒప్పుకోలేదు. ఇక మిగిలింది సీటు వెనక ఇనుప రేకు కొట్టించి, డిక్కీని మనుషుల నుంచి వేరు చేయడం. మంటను కాసేపైనా ఆపుతుందట. ఆ కాసేపట్లో అమ్మను ఎలా దించాలన్నది నేను ఆలోచించదలుచుకోలేదు.

టింకరింగ్ షెడ్డు ఆయన నా మాటలన్నీ విని, మా నాయన వైపు తిరిగాడు.

“ఏమప్పా, నీ కొడుకు కారులో గోడ కట్టమంటా ఉండాడే. అన్నదమ్ములు భాగాలు పంచుకుంటా ఉండారా ఏంది?”

“సదువుకున్నోడు గదప్పా. కట్టు,” అన్నాడు నాయన.

టాంకు విప్పి బయట పెట్టి, పాత అట్ట పీకేశారు. మామిడికాయల అట్టపెట్టె చింపి కొలతకు కత్తిరించారు. దాని ప్రకారం రేకు కోసి, చుట్టూ రివెట్లు కొట్టి, సందుల్లో మంటకు తట్టుకునే సీలెంటు పూశారు. పని చక్కగా కుదిరింది. వెనక దీపాల వైర్లు వెళ్ళడానికి సీటు అంచుకు పైన ఒక మూల వదిలిన రంధ్రం మాత్రం మిగిలింది. దానికి సరిపడే రబ్బరు బుష్షు దొరకలేదని ఆయన నూనె గుడ్డ కుక్కాడు. మంటను ఆపే గోడలో నూనె గుడ్డ ఉండటం నాకు కొంచెం అతిగా అనిపించి లాగేశాను. తిరుపతిలో బుష్షు కొందామనుకున్నాను.

మరుసటి ప్రయాణంలో నాయన డాక్టరు దగ్గరికి కాకుండా నేరుగా అలిపిరికి పోనిచ్చాడు. కొత్త ఇనుము చేరిన బండికి పూజ చేయించకుండా అమ్మను తిప్పడం ఆయనకు ఇష్టం లేదు. అందులో నాకూ అభ్యంతరం లేదు. పూజారి బానెట్టుకు బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ముందువైపు హారతి ఇచ్చాడు. అందరూ చేసేదే. అక్కడితో అయిపోవాల్సింది.

నాయన ఆ పళ్ళెం అడిగి తీసుకున్నాడు. ఇంకో కర్పూరం బిళ్ళ వేసుకుని కారు వెనక్కి నడిచాడు. డిక్కీ తెరిచాడు. కొత్తది ముందు కాదు గదా, వెనక ఉంది.

“నాయనా, అది పెట్రోలు టాంకు,” అన్నాను.

“తెలుసులేరా. దానికే గదా నువ్వు గోడ కట్టించింది.”

చెయ్యి పట్టుకుని లాగుదామంటే ఆ చేతిలో నిప్పు ఉంది. పూజారి కోసం చూస్తే ఆయన పక్క బండి దగ్గరికి వెళ్ళిపోయాడు. పరుగెత్తి వెనక తలుపు తీసి అమ్మను దిగమన్నాను.

“దిగితే మళ్ళా ఎక్కిచ్చేదెవురు? వచ్చి కూసో,” అంది అమ్మ.

కూర్చున్నాను. వేరే చేయగలిగింది ఏమీ కనబడలేదు. ఆమె పాదాలు ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, వీపు సీటుకు ఆనించాను. నా వీపు వెనక సీటు, దాని వెనక రేకు, దాని వెనక టాంకు, ఆపైన మా నాయన. రివెట్లు దగ్గర దగ్గరగా కొట్టించాల్సిందని అప్పుడు అనిపించింది. రేకు అవతల నాయన గోవింద నామం చెప్పడం వినిపిస్తోంది.

వైర్ల రంధ్రం అమ్మ భుజం పక్కనే ఉంది. అందులోంచి సన్నటి పసుపు వెలుగు వచ్చి సీటు మీద పడింది. అది అటూ ఇటూ కదిలింది. అమ్మ రెండు చేతులూ ఆ వెలుగు మీద పెట్టి కళ్ళకద్దుకుంది. మోకాళ్ళు మొండికేసినప్పటి నుంచి ఆమె ఏ గుడిలోనూ హారతి తీసుకోలేదు.

డిక్కీ మూసిన చప్పుడైంది. ఏమీ కాలేదు.

“ఆ బొక్క మూయబాకరా. హారతి ఈడికే వస్తా ఉండాది,” అంది.

ఆ రోజే బుష్షు కొన్నాను. సరిగ్గా సరిపోయింది. బయలుదేరే ముందు నేను బిగిస్తాను, అలిపిరి రాగానే అమ్మ పీకి ఒళ్ళో పెట్టుకుంటుంది. తిరుపతికి వెళ్ళిన ప్రతిసారీ నాయన డిక్కీ తెరిచి కర్పూరం వెలిగిస్తాడు. నేను అమ్మ పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను.

ఒక్క మాట చెప్పాలి. అట్ట ఉన్న రోజుల్లో ఆ డిక్కీలో ఎవరూ అగ్గిపుల్ల గీయలేదు.