గోడ తగాదాలో తేనెటీగలు

పెద్దమ్మకు మతి తప్పుతోందట. తనలో తను మాట్లాడుకుంటోందట. మొన్నెప్పుడో టీ గ్లాసు అనుకుని జిగురు డబ్బా నోటి దాకా ఎత్తిందట, ఎవరో చెయ్యి పట్టుకుని ఆపారట. ఆపిందెవరని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేదు. మా బైండింగ్ షాపులో ఏ మాటైనా జిగురు బల్ల దగ్గర పుడుతుంది, కుట్టు బల్ల దగ్గర కాళ్ళు తెచ్చుకుంటుంది, కటింగ్ మిషన్ దగ్గరికి వచ్చేసరికి పరుగు నేర్చుకుంటుంది. ఈ మాట కూడా అలాగే పరుగెత్తి వెళ్ళి, షాపులో అందరి పనీ చూసే మేస్త్రిగారి చెవిన పడింది.

షాపులో అందరూ ఆమెను పెద్దమ్మ అనే పిలుస్తారు. నాకు మాత్రం నిజంగానే పెద్దమ్మ, మా అమ్మకు అక్క. అమ్మ జబ్బుపడ్డప్పుడు తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను. అమ్మ పోయాక పెద్దమ్మ దగ్గరే ఉంటున్నాను. నన్ను మడత పనికి పెట్టించింది కూడా ఆమే. ప్రెస్సు నుంచి పెద్ద పెద్ద కాగితాలు వస్తాయి. ఒక్కో కాగితాన్ని మడిస్తే పదహారు పేజీలవుతుంది, దాన్ని ఫారం అంటాం. నేను మడుస్తాను, పెద్దమ్మ పేరుస్తుంది. అంటే ఒకటో ఫారం, రెండోది, మూడోది అలా వరస తప్పకుండా ఒకదాని మీద ఒకటి పెట్టి పుస్తకం చేస్తుంది. ఆ తర్వాత కుట్టు, జిగురు, అట్ట, కటింగ్.

పేర్చేవాళ్ళు పేజీలు తిప్పి చూస్తూ కూర్చోరు. ప్రతి ఫారం వీపు మీద, మడత దగ్గర, చిన్న నల్ల గుర్తు అచ్చువేసి ఉంటుంది. ఒకటో ఫారానికి అన్నిటికన్నా పైన, రెండోదానికి కాస్త కింద, మూడోదానికి ఇంకాస్త కింద. సరిగ్గా పేరిస్తే ఆ గుర్తులు పుస్తకం వీపు మీద మెట్లలా దిగుతాయి. మెట్టు విరిగిందంటే తప్పు పడిందన్నమాట. పెద్దమ్మ ఎన్నో ఏళ్ళుగా ఆ మెట్లు చూస్తూనే బతికింది. పేర్చడం అయ్యాక ఆఖరి పేజీ మూల పెన్సిల్‌తో సున్నా చుడుతుంది. అది ఆమె గుర్తు. పేర్చిన ప్రతి మనిషీ తన గుర్తు పెట్టాలి.

సంవత్సరం చివర్లో ఒకరోజు మేస్త్రిగారు నన్ను షాపు మెట్ల దగ్గర ఆపారు. ఆయన చెడ్డ మనిషి కాదు. ఏదైనా కష్టమైన మాట చెప్పాల్సి వస్తే ముందు మీసం సర్దుకుంటారు. ఆ రోజు చాలాసేపు సర్దుకున్నారు.

"అమ్మాయ్, పేర్చే బల్ల దగ్గర కూర్చునే మనిషికి బుర్ర నిలకడగా ఉండాలి. ఒక్క ఫారం తారుమారైతే లాటు లాటంతా తిరిగొస్తుంది. కొత్త సంవత్సరం నుంచి పెద్దమ్మను ఇంట్లో కూర్చోమను. నేను చెబితే బాధపడుతుంది. నువ్వే మెల్లగా చెప్పు."

నేను తలూపాను. నాకు వచ్చింది అదొక్కటే. పిల్లి మెడలో గంట కట్టాలంటే ఎలకలన్నీ కూడబలుక్కుంటాయంటారు, ఇక్కడ ఉన్నది ఒక్క ఎలక.

ఇంటికి వెళ్ళాక చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. పని లేకపోతే పెద్దమ్మ ఎలా ఉంటుందో నాకు ఆదివారాల వల్ల తెలుసు. పాత పేపర్లు, ఉతికిన దుప్పట్లు, సంచులు, ఏది దొరికితే దాన్ని అంచులు కలిపి, బల్ల మీద కొట్టి సరిచేసి, మళ్ళీ మొదటి నుంచి పేరుస్తుంది. సాయంత్రానికి ఇంట్లో వంకర వస్తువు ఒక్కటీ మిగలదు. అప్పుడు కిటికీ దగ్గర కూర్చుని సోమవారం కోసం చూస్తుంది.

తనలో తను మాట్లాడుకోవడం నిజమే. షాపులో మధ్యాహ్నం అన్నాలు తిన్నాక గోడవైపు తిరిగి కూర్చుని పెదవులు కదిపేది. దాని సంగతి నాకు తెలుసు, కానీ ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. అందుకని, అట్టలంటించే జిగురు మామయ్య ఆమెవైపు చూపించి కణతల దగ్గర వేలు తిప్పినప్పుడల్లా నేను మడతలోకి తల దించుకునేదాన్ని. జిగురు మామయ్య నోట్లో నువ్వుగింజ నానదు. మనసులో విషం లేదు, నోటికి మూత లేదు, అంతే.

మా షాపులో ఒక అలవాటు ఉంది. సంవత్సరంలో ఆఖరి పనిరోజు మధ్యాహ్నం మిషన్ ఆపేసి, నేల ఊడ్చి, అట్టలు ఆరబెట్టే చెక్క చుట్టూ చేరతాం. ప్రతివాళ్ళూ తమ బొమ్మ తామే గీసి ఆ చెక్కకు గుచ్చాలి. ఆ ఏడాది చదివిన పుస్తకం ఒకదాని గురించి నాలుగు మాటలు చెప్పాలి. పుస్తకాలంటే కొన్నవి కాదు. అట్ట వంకరపోయినవీ, అంచు ఎక్కువ తెగినవీ, అలాంటి చెడిన కాపీలు మేం ఇంటికి తీసుకుపోవచ్చు. బొమ్మ గీయడానికి కటింగ్‌లో మిగిలిన ముక్కలే ఇస్తారు. అవి బెత్తెడు వెడల్పు, మూరెడు పొడుగు ఉంటాయి. అందుకని అందంగా పుట్టినవాళ్ళకైనా, ఎలా పుట్టినవాళ్ళకైనా చెక్క మీద గుర్రం మొహమే.

జిగురు మామయ్య ప్రతి ఏడూ తన బట్టతల మీద నిండుగా జుట్టు గీసుకుంటాడు. ఈసారి పాపిడి కూడా తీశాడు. ముక్క వెడల్పు చాలక మేస్త్రిగారి మీసం రెండు పక్కలా తెగిపోయింది. నేను నన్ను వెనకనుంచి గీసుకున్నాను, పొడుగు ముక్కకు జడ బాగా సరిపోతుందని. ముందువైపు ఎప్పుడు గీస్తావమ్మా, పెళ్ళిచూపులకా అని కుట్టు వదిన అడిగింది. ఆమె కుట్టు బల్ల దగ్గర పనిచేస్తుంది, చెడిన నవల ఏదీ ఆమె చెయ్యి దాటి పోదు.

పెద్దమ్మ బొమ్మ గుచ్చినప్పుడు అందరూ దగ్గరికి వచ్చి చూశారు. ప్రతి ఏడూ ఆమె మూసిన నోటితోనే గీసుకుంటుంది, అడ్డంగా ఒక గీత. ఈసారి నోరు తెరిచి ఉంది. జిగురు మామయ్య పక్కవాళ్ళ చెవిలో, బొమ్మలో కూడా తనలో తనే మాట్లాడుకుంటోంది చూడు అన్నాడు. చెవిలో చెప్పానని ఆయన అనుకున్నాడు. గదంతా వినపడింది.

తర్వాత పుస్తకాల వంతు. పెద్దమ్మ ఏ ఏడూ కథ చెప్పేది కాదు. పుస్తకం చేతిలో బరువుగా ఉంది, కుట్టు గట్టిగా పడింది, కాగితం తెల్లగా ఉంది అనేది. అందరూ అది ఆమె వేళాకోళం అనుకుని నవ్వేవాళ్ళు. ఈసారి లేచి నిలబడింది. చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని, నేనొక నవల చదివానని చెప్పింది.

అన్నదమ్ములిద్దరూ ఇంటి మధ్య గోడ గురించి తగాదా పడతారని మొదలుపెట్టింది. ఆ గోడ మీద ఎవరి వైపు నాచు వాళ్ళదేనట. చక్కగా చెబుతోంది.  తమ్ముడికి కోపం వచ్చి గడ్డపార పట్టుకుని బయటికి వచ్చేదాకా చెప్పింది.

"అక్కడ ఆ రాసినాయన ఒక మంచి పని చేశాడు," అంది. "తగాదా పక్కన పెట్టేసి తేనెటీగల గురించి చెప్పాడు. పెట్టె దగ్గరికి విసురుగా పోకూడదు, ముందు కాస్త పొగ వెయ్యాలి, చెమట వాసన వాటికి పడదు, ఇలా చాలాసేపు చెప్పాడు. కోపంగా ఉన్నవాడికి చెప్పాల్సిన మాటలే అన్నీ. అది అయ్యేసరికి అన్నదమ్ములు కూర్చుని ఏడుస్తూ ఉంటారు. నాకు చాలా నచ్చింది."

 కుట్టు వదిన గొంతు సవరించుకుంది. పాపం, నెమ్మదిగానే అడిగింది.

"పెద్దమ్మా, ఆ నవల నేనూ చదివాను. అందులో తేనెటీగలెక్కడున్నాయి?"

"మధ్యలో. గడ్డపార తర్వాత."

"గడ్డపార తర్వాత వాళ్ళమ్మ అడ్డం పడుతుంది కదా. ఆవిడకు దెబ్బ తగులుతుంది, ఆసుపత్రికి తీసుకెళ్తారు."

"అమ్మా? ఆవిడ ఊసే లేదే."

జిగురు మామయ్య పైకప్పు చూశాడు. కటింగ్ అన్న తన చేతులు చూసుకున్నాడు. మేస్త్రిగారు నావైపు చూశారు. చెప్పావా లేదా అని అడుగుతున్న చూపు అది. పెద్దమ్మ మాత్రం కుట్టు వదిననే చూస్తూ నిలబడింది.  నేనే తప్పు చదివానేమో అంది, అదీ చాలా చిన్న గొంతుతో.

"పుస్తకం ఇంట్లో ఉంది. తెస్తాను."

ఈ మాట ఎవరన్నారా అని ఇద్దరు ముగ్గురు చుట్టూ చూశారు. నేనే అన్నాను. షాపులో నా గొంతు అంత గట్టిగా ఎవరూ విని ఉండరు, నేను కూడా.

మా గది రెండు సందుల అవతల, తాళాలు బాగుచేసే కొట్టు మీద ఉంది. వెళ్ళేటప్పుడు కాళ్ళు పరుగెత్తుతున్నాయి, మనసు మాత్రం వద్దంటోంది. ఆ పుస్తకం పెద్దమ్మ ఒక్కతే చదువుకుంది, నన్ను తొంగి చూడనివ్వలేదు. తేనెటీగలు అందులో లేకపోతే? అప్పుడు మతి తప్పుతోందన్న మాటకు సాక్ష్యం మోసుకెళ్ళింది నేనే అవుతాను. పుస్తకం ఆమె దిండు పక్కనే ఉంది. అట్ట తలకిందులుగా అంటించిన కాపీ. దాన్ని పట్టుకుని కిందికి దిగాను కానీ తెరవడానికి ధైర్యం చాలలేదు. తాళాల కొట్టు ముందు మెట్టు మీద కూర్చుని అప్పుడు తెరిచాను.

గడ్డపార దొరికింది. పేజీ తిప్పాను. "సాయంకాలం పూట పెట్టె మూత తీయరాదు" అని ఉంది.

అక్కడే నవ్వాను. కళ్ళ వెంట నీళ్ళు కూడా వచ్చాయి. తాళాలాయన సానపట్టడం ఆపి, ఏమైందమ్మా అన్నాడు. తేనెటీగలు దొరికాయి బాబాయ్ అన్నాను. ఆయన తన కొట్టు చూరువైపు అనుమానంగా చూశాడు.

షాపులో మేస్త్రిగారు పుస్తకం తీసుకుని గడ్డపార దగ్గర తెరిచారు. చదివారు. పదహారు పేజీలూ తిప్పారు. పొగ, మైనం, రాణీగ, అన్నీ ఉన్నాయి. ఆ తర్వాతి పేజీలో అన్నదమ్ములు ఏడుస్తున్నారు. ఆయన అట్టను వీపు దగ్గర మెల్లగా ఊడదీసి చూశారు. నల్ల గుర్తులు మెట్లలా చక్కగా దిగి ఉన్నాయి, ఒక్క మెట్టూ విరగలేదు. అప్పుడు మాకందరికీ అర్థమైంది. తేనెటీగల పెంపకం పుస్తకం కూడా అదే వారం, అదే సైజులో, మా దగ్గరే తయారైంది. నవల ఐదో ఫారం ఉండాల్సిన చోట దాని ఐదో ఫారం వచ్చి కూర్చుంది. ఐదో ఫారమే కాబట్టి గుర్తు సరిగ్గా అదే చోట ఉంది. మెట్లు చూసి పేర్చేవాళ్ళకు దొరకని తప్పు ఇదొక్కటే.

"పేర్చింది ఎవరు మరి?" అన్నాడు జిగురు మామయ్య, గొంతు కాస్త పెంచి.

మేస్త్రిగారు ఆఖరి పేజీ తెరిచారు. మూలలో సున్నా లేదు. రెండు నిలువు గీతలున్నాయి. ఆయన వాటిని కాసేపు చూసి మీసం సర్దుకున్నారు.

"నేనే," అన్నారు. "పెద్దమ్మ జ్వరమొచ్చి రాని రోజు నేను కూర్చున్నాను. ఇవి నా గీతలే."

గది గదంతా ఒక్కసారి నవ్వింది. అందరికన్నా ముందు ఆయనే నవ్వారు. నవ్వు ఆగాక పుస్తకం తలకిందులుగా పట్టుకుని, మరి ఈ అట్ట ఎవరు అంటించారని నిదానంగా అడిగారు. జిగురు మామయ్య తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. పాపిడి తీసిన ఆయన బొమ్మ మాత్రం చెక్క మీద ధీమాగా చూస్తూ ఉంది.

అప్పటికే వెళ్ళిపోయిన కొన్ని తేనెటీగల పుస్తకాలు తప్ప లాటంతా ఇంకా వెనక గదిలోనే ఉంది. అప్పటికప్పుడు కట్టలు విప్పి రెండు పుస్తకాలూ చూశాం. తేనెటీగలు ఇంకెక్కడా దూరలేదు. తప్పు ఆ ఒక్క కాపీలోనే. తప్పిపోయిన నవల ఫారం మాత్రం దొరకలేదు. ఎక్కడో తేనెటీగలు పెంచుకునే పెద్దమనిషి ఒకాయన గోడ తగాదా చదువుకుంటూ ఉంటాడు, పాపం పొగ ఎప్పుడు వెయ్యాలో తెలియక, అన్నాడు కటింగ్ అన్న. కుట్టు వదిన పెద్దమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఆమె కాపీలో లేని పదహారు పేజీల కథ చెప్పింది. తల్లికి దెబ్బ తగిలిన చోట పెద్దమ్మ అయ్యో అని బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది. అంతా విని, అయినా తేనెటీగలు ఉన్నదే బాగుందని తేల్చింది.

దీపాలు ఆర్పేముందు మేస్త్రిగారు నా దగ్గరికి వచ్చారు.

"ఆ రోజు మెట్ల దగ్గర ఒక మాటన్నాను కదా. చెప్పావా?"

"లేదండీ."

"చెప్పకు," అన్నారు. వెళ్తూ వెళ్తూ పెద్దమ్మతో, నీకు జ్వరమొచ్చినా సరే సెలవు పెట్టకు, ఆ బల్ల దగ్గర నేనిక కూర్చోలేను అన్నారు. ఈయనకేమైంది అని పెద్దమ్మ నన్ను అడిగింది. ఏమీ కాలేదన్నాను. ఇన్నాళ్ళూ గుండె మీద పెట్టుకున్న కుంపటి దిగిపోయి, ఇంటి మెట్లు ఎప్పుడు ఎక్కానో కూడా తెలియలేదు.

ఇప్పుడు షాపులో మాట మారింది. జిగురు బల్ల దగ్గరే మారింది. పెద్దమ్మ చిన్నప్పుడు పెద్ద చదువులు చదివిందట, ఏ పుస్తకం ఇచ్చినా ఒక్క ముక్క పొల్లుపోకుండా అప్పజెబుతుందట. ఆ మాట విన్నాక పెద్దమ్మ చాలాసేపు నవ్వి, నా ఒట్టు తీసేసింది. ఇక చెప్పుకో, సిగ్గేముంది అంది.

పెద్దమ్మ చిన్నప్పుడు బడికే వెళ్ళలేదు. నిరుడు వానల్లో, కటింగ్ ముక్కల మీద, నేనే ఆమెకు అక్షరాలు దిద్దించాను. పెదవులు కదపకుండా చదవడం ఆమెకు ఇంకా రాదు, అందుకే షాపులో గోడవైపు తిరిగి చదువుకునేది. ఆ గోడ తగాదా నవల ఆమె మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివిన మొట్టమొదటి పుస్తకం.