రాజోలి పుష్పమ్మ మగ్గం పాటలు

రాజోలిలో పుష్పమ్మ పాట వినలేదని ఎవరైనా అంటే, వాళ్లు నిన్నగాక మొన్న వచ్చినవాళ్లే. నేను ఆమె పక్కింటి నేతదాన్ని కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్తాను.

ఎనభైల్లో ఆమె మగ్గం గుంతలో కూర్చుని నేస్తూ పాడుతుంటే, భర్త వెంకటన్న పక్కనే టేప్ రికార్డర్ పెట్టి ఆ పాటలు పట్టాడు. నాలుగు క్యాసెట్లయి, గద్వాల దుకాణాలకెక్కాయి. "ఆడామె పాట బజార్ల పెడ్తరా?" అని మూతి తిప్పినవాళ్లే గద్వాల చాయ్ హోటళ్లలో నోరు మూసుకుని విన్నారు. వెంకటన్న పోయాక "మొగడు పోయినామెకు పాటలేంది?" అన్నారు. పుష్పమ్మ ఇంకాస్త గట్టిగా పాడింది.

2006లో గద్వాల క్యాసెట్ల దుకాణం రాఘవేందర్ వచ్చాడు.

"పెద్దమ్మా, నీ పాటలు ఇప్పటికీ అడుగుతుండ్రు. క్యాసెట్లు అరిగినయ్. మంచివన్నీ ఏరి ఒక్క సీడీ చేస్త."

పుష్పమ్మ మురిసిపోయి వీధిలో అందరికీ చాయ్ పోసింది. పాత క్యాసెట్లు తీసి అతని చేతిలో పెట్టింది.

నెల తర్వాత సీడీ తెచ్చి మా ఇంట్లోనే వినిపించాడు. గొంతు ఆమెదే, మగ్గం చప్పుడు మాత్రం లేదు. స్టూడియోలో కంప్యూటర్ పెట్టి దాన్ని అణిచేసి, పైన కీబోర్డు నింపారట. బాగుచేశామనుకున్నారు, మహానుభావులు! నాకే ఒళ్లు మండింది.

పాట మధ్యలో ఒకచోట పుష్పమ్మ చెయ్యెత్తింది.

"ఆపు. ఈడ నేనెందుకు ఆగిన్నో ఎర్కేనా?"

"పాట మర్చిపోయినవనుకున్నరు పెద్దమ్మా. అందుకే ఆడ సంగీతం ఏసిండ్రు."

"మర్చిపోవుడా! పోగు తెగితే ముడేస్తున్న. ముడి పడ్డదా అని మా ఆయన అడిగిండు. ఆయన గొంతు ఇంక ఏడ లేదు, గీ ఒక్క పాటల్నే ఉండె. దాన్ని తీసేస్తరా?"

రాఘవేందర్ తల గోక్కున్నాడు. "చప్పుడుతోని ఉంటే ఎవరు కొంటరు పెద్దమ్మా?"

"కొనకుంటే పోనీ. నా మగ్గం ఉంటెనే నా పేరు పెట్టు. లేకుంటే నా క్యాసెట్లు నాకియ్యి."

అతను ఎంత బతిమాలినా ఆమె దిగిరాలేదు. చివరికి పాత క్యాసెట్లలో ఉన్నది ఉన్నట్టే సీడీకి ఎక్కించాడు.

దసరాకు ముందు నేనూ పుష్పమ్మా చీరలు ఇవ్వడానికి జీపులో గద్వాల వెళ్తున్నాం. డ్రైవర్ ఆ సీడీ పెట్టాడు. మగ్గం డబడబమంటోంది, పాట సాగుతోంది. ఉన్నట్టుండి పాటా మగ్గమూ ఆగాయి. ఎక్కినవాళ్లు సీడీ పాడైందేమోనని డ్రైవర్ వైపు చూశారు. అప్పుడు వెంకటన్న గొంతు వినిపించింది.

"ముడి పడ్డదా?"

పుష్పమ్మ నలుగురూ ఉన్నారని చూడలేదు. కళ్లు తుడుచుకోలేదు, తలా దించలేదు.

"పడ్డది" అని గట్టిగా చెప్పి, సీడీలో గొంతు లేచేలోపే తను పాట ఎత్తుకుంది.